గోలు వెనక నేనొక్కదాన్నే

మీరెవరూ రాలేదు కాబట్టి ఇది రాస్తున్నాను. వచ్చుంటే నాకీ రాత పని తప్పేది, హాయిగా ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చునేదాన్ని.

మా మదనపల్లె వేకువచుక్క ఫుట్‌బాల్ క్లబ్బు సంగతి ఊళ్ళోవాళ్ళకు చెప్పక్కర్లేదు. బయటివాళ్ళ కోసం రెండు ముక్కలు. మన గ్రౌండులో ఆదివారం సాయంత్రం ఆట ఉందంటే ప్రహరీ గోడ మీద కూర్చోడానికి చోటు దొరకదు. ఆటోల పైకెక్కి చూసేవాళ్ళున్నారు, ఇంటి నుంచి నిచ్చెన మోసుకొచ్చేవాళ్ళున్నారు. గోలు పడితే ఆ కేకలకు పక్కనున్న ఆసుపత్రి వార్డులో పేషెంట్లు ఉలిక్కిపడి లేస్తారు. అదే క్లబ్బు పక్క ఊరికి ఆడటానికి పోతే వెంట వెళ్ళేవాళ్ళు ఎందరో తెలుసా? ఒక్కరు కూడా లేరు. కుప్పం వాళ్ళు మన ఊరికి ట్రాక్టర్లు కట్టుకుని వస్తారు. పుంగనూరు వాళ్ళు మోటారు సైకిళ్ళ మీద హారన్లు కొట్టుకుంటూ వస్తారు. మనవాళ్ళు మాత్రం టీ అంగడి దగ్గర సాగనంపి, "గెలిచి రాండప్పా" అని చెప్పి, టీ తాగి ఇంటికి పోతారు.

ఎందుకు రారని బయలుదేరే ముందు నేను కొందరిని అడిగి చూశాను. టమోటా సీజను కదా అన్నారు. సీజను లేనప్పుడు అడిగితే సీజను లేదు, చేతిలో డబ్బెక్కడిది అన్నారట. ఒకాయన మనం పోతే ఓడిపోతారేమోనన్నాడు. మీరు పోకపోయినా ఓడిపోతూనే ఉన్నారు కదా అంటే, నేను పోతే ఇంకా ఘోరంగా ఓడిపోతారు సిస్టరమ్మా అన్నాడు.

సిస్టరమ్మ అంటే నేనే. మిషన్ ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో ముప్ఫై ఏళ్ళకు పైగా నర్సుగా చేసి ఈ ఏడే రిటైరయ్యాను. క్లబ్బు కోచ్ దావీదు నా తమ్ముడు. ఇంట్లోనే క్లబ్బు ఉన్నా ఒక్క ఆటకూ వెంట పోయింది లేదు. డ్యూటీ అనే సాకు నాకు బాగా అక్కరకొచ్చింది. ఆటగాళ్ళు నాకు తెలియదని కాదు. తలలు పగిలి, మోకాళ్ళు చీరుకుని వస్తుంటే కుట్లు వేసేటప్పుడు అందరినీ చూశాను. నిలబడి ఉండగా మాత్రం ఎవరినీ సరిగ్గా చూడలేదు.

ఈసారి సాకు లేదు. పైగా దావీదు ముందు రోజు భోజనం దగ్గర ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. విషయం ఏమిటంటే, మన గోల్‌కీపరు రెడ్డెప్పను కుప్పం వాళ్ళు పిలుస్తున్నారు. శనివారం పుంగనూరులో ఆట, ఆదివారం కుప్పంలో ఆట. ఆ రెండూ అయ్యాక ఉండేదీ పోయేదీ చెప్తానని రెడ్డెప్ప అన్నాడట. వాడు పోతే క్లబ్బు మూసేసుకోవడమే అక్కా అని నా తమ్ముడు చెయ్యి కడుక్కున్నాడు. నేను సంచి సర్దుకున్నాను.

టమోటా బండిలో

మాకు దొరికింది టమోటాలు మోసే టెంపో. పద్నాలుగు మంది ఆటగాళ్ళు వెనక, దావీదు, నేను డ్రైవరు పక్కన. కడిగామన్నారు గానీ పుంగనూరు చేరేదాకా పచ్చడి జాడీలో కూర్చున్నట్టే ఉంది. మధ్యలో టీకి ఆపినప్పుడు నేను వెనక్కి మారాను, రెడ్డెప్పతో మాట్లాడదామని.

రెడ్డెప్పకు ఇరవై తొమ్మిదేళ్ళు. పుంగనూరు పక్క పల్లె. ఇంటి దగ్గర ఆవులు, గొర్రెలు, వాన పడితే పండే నేల. పదేళ్ళుగా మన టమోటా మార్కెట్లో లోడింగు పని చేస్తున్నాడు. లారీ మీద నుంచి విసిరే ఖాళీ క్రేట్లను కింద నిలబడి పట్టుకోవడం వాడి పని. ఎడంపక్కకొకటి, కుడిపక్కకొకటి, తలమీదికొకటి వస్తూనే ఉంటాయి, ఒక్కటీ కింద పడదు. దావీదు వాణ్ణి అక్కడ చూసే గోలు ముందుకు తెచ్చాడు.

కుప్పం వాళ్ళు ఏమిస్తామన్నారని అడిగాను. డబ్బు ఏమీ లేదట. ప్రయాణం ఖర్చు, బూట్లు, అంతే. మరెందుకు పోవడం అన్నాను. రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు.

"ముందర ఆడే పదిమందీ నాకు కనపడతాండారు సిస్టరమ్మా. ఎనకుండేది కనపడదు, ఇనపడతాది. యాడికి పోయినా నా ఎనక పరాయోళ్ళే. ఆట అయిపోయేదాకా తిట్లు ఇని ఇని ఈపు మొద్దుబారిపోయింది. మనోడు ఒక్కడు నిలబడుకోని రెడ్డెప్పా అంటే సాలు. ఆ ఒక్కడు కూడా లేకుంటే ఇంక యాల?"

నేను ఉన్నాను కదా అన్నాను. వాడు నవ్వాడు. నవ్వులో నమ్మకం ఏమీ కనిపించలేదు, నేనూ తప్పు పట్టలేదు. గోలు వెనకే నిలబడాలని మాత్రం అప్పుడే తీర్మానించుకున్నాను.

పుంగనూరులో ఆవు తోడు

పుంగనూరులో టిఫిను గురించి చెప్పకపోతే పాపం. దోశ మీద ఎర్రకారం పూసి, దాని మీద పప్పుల పొడి చల్లి, మడిచి ఇచ్చారు. మన ఊళ్ళో అదే దోశకు చట్నీ మూడోసారి అడిగితే మనిషిని పైకీ కిందికీ చూస్తారు. ఇక్కడ అడగకముందే వచ్చి పోసి, "ఇంగొకటి ఏయమంటావామ్మా" అన్నారు. ధర మన ఊరికంటే పది రూపాయలు తక్కువ. రెండు తిన్నాను. ఆటగాళ్ళను మాత్రం దావీదు ఒకటితో లేపేశాడు.

గ్రౌండు స్కూలుది. కార్నరు జెండా పక్కనే ఒక పొట్టి ఆవు కట్టేసి ఉంది. నా నడుం దాకా కూడా రాదు, మెడలో పూసలు, నుదుట బొట్టు. ఆటకు ఆవును ఎందుకు తెచ్చారని దాని యజమానిని అడిగాను. ఇంట్లో అందరూ ఆటకొచ్చేశారట, ఒక్కటే ఉంటే బెంగ పెట్టుకుంటాదని తోలుకొచ్చాడట. దాని పక్కన నిలబడి ఫోటో తీసుకోడానికి జనం వరుస కట్టారు. ఆవుకు ఉన్నపాటి తోడు మా గోల్‌కీపరుకు లేకపోయిందే అనిపించి నాకు నిజంగానే కోపం వచ్చింది. మీ మీదే.

గొడుగు, మడత స్టూలు తీసుకుని రెడ్డెప్ప గోలు వెనక చేరాను. నా చుట్టూ పుంగనూరు వాళ్ళు. నన్ను చూసి మర్యాదగా జరిగి చోటిచ్చారు, ఒకావిడ చెనిక్కాయలు పెట్టింది. చెనిక్కాయలు ఒలుచుకుంటూనే రెడ్డెప్పను తిట్టడం మొదలుపెట్టారు. పరాయివాడని కాదు, తమవాడేనని. మేపింది మేము, పాలు మదనపల్లోళ్ళకా అని ఒకాయన. ఊరి దారి మర్చిపోయినావా, సూపించేదా అని ఇంకొకాయన. రెడ్డెప్ప సొంత అన్న కూడా వచ్చాడు. వచ్చి పుంగనూరు వాళ్ళలోనే కూర్చున్నాడు. తిట్టలేదు గానీ చోటు మాత్రం మారలేదు.

నేను ఊరుకోలేదు. "రెడ్డెప్పా, భయపడొద్దు, నేనుండాను" అని అరిచాను. మొదటిసారి వాడు వెనక్కి తిరిగి చూశాడు. చూసిన ఆ క్షణంలోనే బంతి గోలు స్తంభానికి తగిలి బయటికి పోయింది. అప్పటినుంచి పేరు పెట్టి పిలవకుండా చప్పట్లు మాత్రం కొట్టాను.

హాఫ్ టైం తర్వాత రెండు టీములూ గోలు మార్చుకుంటాయని నాకు తెలియదు. స్టూలు ఎత్తుకుని గ్రౌండు చుట్టూ నడిచి మళ్ళీ వాడి వెనక చేరేసరికి ఆయాసం. అప్పటిదాకా ఎవరికీ గోలు లేదు. రెడ్డెప్ప గాల్లోకి ఎగిరి ఒక బంతిని వేళ్ళతో బయటికి నెట్టాడు. అది దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. నేను తీశాను.

ఇప్పుడు చెప్పబోయేది చదివి నవ్వకండి. థియేటర్లో ముప్ఫై ఏళ్ళు నా పని ఒక్కటే. డాక్టరు బల్ల మీద నుంచి తల ఎత్తడు, ఊరికే చెయ్యి చాపుతాడు. చాపిన చేతిలో క్షణం ఆలస్యం లేకుండా కావలసింది పెట్టాలి. ఎవరి చెయ్యి, ఏం చేస్తాడు అని ఆలోచించే నర్సు అక్కడ పనికిరాదు. ఒక చెయ్యి నా ముందుకొచ్చింది. బంతి అందులో టక్కున పెట్టేశాను. అది పుంగనూరు ఆటగాడి చెయ్యి. మనవాళ్ళు ఇంకా నుదుళ్ళు తుడుచుకుంటూ ఎవరు ఎక్కడ నిలబడాలో చూసుకుంటుండగానే అతను కార్నరు కొట్టేశాడు. ఎవరో తలతో తోశారు. గోలు.

ఒకటి సున్నాతో ఓడిపోయాం. చెనిక్కాయలు పెట్టినావిడ నా భుజం తట్టి, బాగా అందిస్తివమ్మా అంది.

దావీదు నన్ను అనని మాట లేదు. బయటి ఊరికి ఒక్క మనిషిని తెచ్చుకుంటే ఆ మనిషి కూడా వాళ్ళకే ఆడిందన్నాడు. రేపు నిన్ను బస్సెక్కించి ఇంటికి పంపేస్తానన్నాడు. నేను తల దించుకుని విన్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఈ తప్పుతో రెడ్డెప్పను నేనే కుప్పానికి అప్పగించానని అనుకున్నాను. అప్పుడు చేతికి చుట్టుకున్న గుడ్డ విప్పుకుంటూ రెడ్డెప్పే అన్నాడు.

"వచ్చిందే ఆయమ్మ ఒక్కతి సార్. ఆయమ్మను కూడా పంపించేస్తే ఎట్ల?"

దావీదు గొణుక్కుంటూ పోయాడు. నేను ఉండిపోయాను.

ఆదివారం పొద్దున ప్రార్థన

రాత్రి అక్కడి చర్చి హాల్లో పడుకున్నాం కాబట్టి పొద్దున్నే ఆరాధనలో కూర్చోకుండా రావడం బాగుండదు. టీములో సగం మంది మన మిషన్ కాంపౌండు క్రైస్తవ పిల్లలే, పాటలు వచ్చు. మిగతా సగం హిందువులు, వాళ్ళు కూడా బుద్ధిగా లేచి నిలబడి, కూర్చుని, మళ్ళీ నిలబడ్డారు. రెడ్డెప్ప అందరికంటే ముందే నిలబడుతున్నాడు. ఎదుటివాళ్ళు కదలకముందే కదలడం వాడికి అలవాటైపోయినట్టుంది.

పాస్టరుగారు చివర్లో మా కోసం ప్రార్థన చేశారు. ముందు రోజు ఆటలో ఆయన కూడా పుంగనూరు పక్కన నిలబడి గొంతు పోగొట్టుకున్నారు. అయినా మాకు కుప్పంలో జయం కలగాలని మనస్ఫూర్తిగా వేడుకున్నారు. ఇంత దయ ఎలా కలిగిందని తర్వాత అడిగాను. పోయిన నెల కుప్పం వాళ్ళు పుంగనూరును నాలుగు గోల్స్‌తో ఓడించారట. క్షమించాను గానీ మర్చిపోలేదమ్మా అన్నారు.

వి.కోట దాటాక ముద్ద

పలమనేరు మీదుగా వి.కోట దాటేసరికి ఆకలి. రోడ్డు పక్క హోటల్లో రాగి ముద్ద ఉందన్నారు. మనం సంగటి అంటాం, అందులో బియ్యం కలుస్తుంది, పప్పులో ముంచి నమిలి తింటాం. ఇక్కడ ఉట్టి రాగిపిండి, చేతిలో పట్టని గుండు, నున్నగా ఉంది. నేను నమలబోతే వడ్డించేవాడు ఆపాడు. నమలకూడదట, తుంచి, పులుసులాంటి సారులో దొర్లించి, మింగేయాలట. మొదటి ముద్ద గొంతులో అడ్డం పడి నీళ్ళ కోసం చేతులూపాను. రెండోది దిగింది. మూడోదానికి వచ్చేసరికి మన సంగటి పళ్ళున్నవాళ్ళను ఊరికే శ్రమ పెడుతోందని తేల్చుకున్నాను.

ఆ వడ్డించేవాడు డ్రైవర్లతో తమిళం, గల్లాపెట్టె దగ్గర కన్నడం, మాతో తెలుగు మాట్లాడాడు. ఏది మీ భాష అని అడిగితే, ఎవరు తింటుంటే వాళ్ళది అన్నాడు. ఎవరికి ఆడుతున్నారని మమ్మల్ని అడిగాడు. కుప్పానికి ఆడుతున్నామని ఎవరో సరదాకి అన్నారు. వేకువచుక్క వాళ్ళంతా నవ్వారు, రెడ్డెప్ప తప్ప.

కుప్పంలో కొందరిని ఇచ్చారు

కుప్పం గ్రౌండు చూసి నా గుండె జారింది. జనం మూడు పక్కలా నిండిపోయారు. రంగు కాగితాలు, మైకు, మజ్జిగ చెంబులు. నాలుగో పక్క ఖాళీగా ఉంది. అది మా పక్కట, బయటి ఊరి నుంచి వచ్చినవాళ్ళు కూర్చోడానికి వదిలారట. నేను స్టూలు వేసుకుని ఆ పొడుగుకంతా ఒక్కదాన్నే కూర్చున్నాను.

ఆటల కమిటీ పెద్ద మునెప్ప మా దగ్గరికి వచ్చాడు. తెల్ల పంచె, మెడలో విజిలు, ఆరడుగుల మనిషి. రెడ్డెప్పను పిలుస్తున్నది ఈయనే. దావీదుకు నమస్కారం పెట్టి, మీవాళ్ళు ఇంకా రాలేదా అని అడిగాడు. వచ్చేశారు అని దావీదు నన్ను చూపించాడు. మునెప్ప నన్నూ, ఖాళీ నేలనూ మార్చి మార్చి చూశాడు. ఆయన ముఖం చిన్నబోయింది. మన తప్పుకు ఆయన సిగ్గుపడ్డాడు, అదీ నాకు బాధ.

అప్పుడు తెలిసింది, కుప్పంలో దీనికొక పద్ధతి ఉందని. పెళ్ళిలో మగపెళ్ళివాళ్ళు తక్కువమంది వస్తే పందిట్లో ఆ పక్క వెలితిగా కనబడకుండా ఆడపెళ్ళివాళ్ళే తమ మనుషులను అటు కూర్చోబెడతారు కదా. ఇక్కడ ఆటకూ అంతే. వచ్చినవాళ్ళకు మనుషులు లేకపోతే కమిటీ తన జనంలోంచి కొందరిని ఇస్తుంది. వాళ్ళు ఆట అయ్యేదాకా వచ్చినవాళ్ళ తరఫునే అరవాలి. మాట మార్చకూడదు. మునెప్ప విజిలు ఊది, దూరంగా ఆగి ఉన్న ట్రాక్టరు వైపు చెయ్యి ఊపాడు. రామకుప్పం పక్క పల్లెల వాళ్ళు ఓ నలభై మంది, ఆడా మగా, దుప్పట్లు భుజాన వేసుకుని దిగి మా పక్కకు నడిచొచ్చారు. ప్రతి ఒక్కరి చేతిలో ఖాళీ నూనె డబ్బానో, పలక డప్పో, పగిలిన బిందెనో ఉంది.

వాళ్ళ పెద్ద గంగులమ్మ. నా ఈడు మనిషి. ఈ డబ్బాలెందుకని అడిగాను. రాగి కంకి పట్టిందట, అడవిలోంచి ఏనుగులు దిగుతున్నాయట. రోజూ చీకటి పడే వేళకు పొలాల్లో కాపలా. ఆట చూసుకుని ఇటునుంచి ఇటే పోతారు, అందుకని సరంజామా వెంటే తెచ్చుకున్నారు. నా తమ్ముడు నా చెవిలో, ఇదంతా మునెప్ప ఎత్తు అక్కా, కుప్పం జనం ఎట్లా అరుస్తారో రెడ్డెప్పకు చూపించి లాక్కుంటాడు అని గొణిగాడు. నాకూ అదే అనుమానం వచ్చింది.

డబ్బాల చప్పుడు

రెడ్డెప్ప గోలు వెనక నలభై మందీ చేరారు, మధ్యలో నా స్టూలు. గంగులమ్మ నన్ను గోల్‌కీపరు పేరడిగి అందరికీ చెప్పింది. వాళ్ళ తీరు మన కేకల్లాంటిది కాదు. మనం మొదటి పది నిమిషాల్లో గొంతు పోగొట్టుకుని తర్వాత టీకి పోతాం. వీళ్ళు కాపలా అలవాటున్నవాళ్ళు, వంతులు వేసుకున్నారు. బంతి దూరంగా ఉన్నంతసేపూ ఒకరిద్దరు మెల్లగా డబ్బా తడుతుంటారు, మేం మేలుకునే ఉన్నాం అన్నట్టు. కుప్పం ఆటగాడు బంతితో మా గోలు వైపు నాలుగడుగులు వేశాడో లేదో, నలభై డబ్బాలూ ఒక్కసారి లేచాయి. నేనే స్టూలు మీద నుంచి పడబోయాను. ఆ ఆటగాడు బంతిని వదిలేసి అడవి వైపు చూశాడు.

రెడ్డెప్ప ఒకసారి వెనక్కి తిరిగాడు. వాడి ముఖం నేను ఎన్నడూ అలా చూడలేదు. మళ్ళీ ముందుకు తిరిగి రెండు చేతులూ చాచి నిలబడ్డాడు, మనిషి ఇంకాస్త వెడల్పయ్యాడు అనిపించింది.

కుప్పం వాళ్ళు మంచి ఆటగాళ్ళు, ఒప్పుకోవాలి. హాఫ్ టైం లోపలే ఒక గోలు కొట్టారు. మూడు పక్కలా జనం గంతులేస్తుంటే మా పక్క నలభై మందీ నిజంగా దిగులుగా కూర్చున్నారు. కొట్టినవాడు గంగులమ్మ చెల్లెలి కొడుకేనట. సంతోషంగా లేదా అని అడిగాను. ఆట అయిపోయినాక సంతోషపడతానమ్మా, ఇప్పుడు కాదు అంది.

హాఫ్ టైం తర్వాత డబ్బాలతో సహా అందరం రెడ్డెప్ప మారిన గోలు వెనక్కే పోయాం. ఇంకో పది నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా కుప్పానికి పెనాల్టీ ఇచ్చారు. బంతి గోలు ఎదురుగా పెట్టారు. నేను డబ్బాలు ఎప్పుడు లేస్తాయా అని చెవులు మూసుకున్నాను. లేవలేదు. గంగులమ్మ చెయ్యెత్తింది, నలభై మందీ ఊపిరి బిగబట్టారు. ఇప్పుడు కదా కొట్టాలి అని నేను గుసగుసలాడాను.

"ఎదురుగ్గా వచ్చి నిలబడుకున్నప్పుడు సప్పుడు సెయ్యకూడదమ్మా. బెదిరి మీదికొస్తాది. గమ్మునుంటే దానికే దారి తెలీదు" అంది, మెల్లగా.

ఆటంతా డబ్బాల చప్పుడుకు అలవాటుపడ్డ ఆ ఆటగాడు చప్పుడు కోసం ఎదురుచూస్తూ రెండుసార్లు మా వైపు చూశాడు. మూడోసారి పరుగెత్తి కొట్టాడు. రెడ్డెప్ప ఎడంపక్కకు పడి బంతిని పొట్టకు హత్తుకున్నాడు. తర్వాత నేనేం చేశానో నాకు గుర్తు లేదు. పక్కనున్న పెద్దాయన పలక నా చేతిలో ఉందనీ, దాన్ని నేను పగలగొట్టేంతగా బాదాననీ తర్వాత చెప్పారు.

ఒకటి సున్నాతో ఓడిపోయాం. మా పక్కవాళ్ళు మాత్రం విజిలు పడ్డాక కూడా డబ్బాలు ఆపలేదు. రెడ్డెప్ప చేతులెత్తి దండం పెట్టేదాకా కొడుతూనే ఉన్నారు.

మునెప్ప అడిగినప్పుడు

మునెప్ప కుప్పం చొక్కా చేతిలో పట్టుకునే వచ్చాడు. దావీదు పక్కకు తిరిగి బూట్లు లెక్క పెట్టడం మొదలుపెట్టాడు. ఇది వేసుకుంటే ఈ జనమంతా నీ వెనకే అని మునెప్ప రెడ్డెప్పతో అన్నాడు. రెడ్డెప్ప చెయ్యి చొక్కా దాకా పోయింది. ఇక మన క్లబ్బు పని అయిపోయిందనుకున్నాను.

దుప్పటి దులుపుకుంటున్న గంగులమ్మ అడ్డం వచ్చింది. కావాలని కాదు, ఉన్న మాట చెప్పింది.

"అదెట్ల మునెప్పా? మేము ఎప్పుడూ వచ్చినోళ్ళ పక్కే గదా. ఈ పిల్లోడు ఈ ఊరి సొక్కా ఏసుకుంటే, మా డబ్బాలు అవతల గోలు ఎనక్కి పోతాయి."

"అంటే నాకు కొట్టరా?" అన్నాడు రెడ్డెప్ప.

"నీకెట్ల కొడతామప్పా? నీకు ఊరంతా ఉంటాది. ఎవురూ లేకుండా వచ్చేటోళ్ళకే మేము."

 రెడ్డెప్ప చెయ్యి వెనక్కి తీసుకుని, మునెప్పకు నమస్కారం చేశాడు. "ఈ సొక్కాతోనే వస్తానప్పా" అన్నాడు, ఒంటి మీదున్న మన చెమట చొక్కా పట్టుకుని. మునెప్ప పెద్దమనిషి, నవ్వి భుజం తట్టాడు. దావీదు బూట్లన్నీ చేతిలోంచి జారవిడిచి కింద కూలబడ్డాడు. నేను గంగులమ్మ చేతులు పట్టుకున్నాను, ఆమెకు ఎందుకో అర్థం కాలేదు.

వాళ్ళు ట్రాక్టరు ఎక్కబోతుంటే ఆమె నన్ను పక్కకు పిలిచి అడిగింది. ఈ పిల్లోడంటే మీ ఊళ్ళో ఎవరికీ ఇష్టం లేదా అని. అయ్యో, అందరికీ ప్రాణం అన్నాను. మా ఊళ్ళో ఆడితే గోడ మీద చోటుండదు అన్నాను. మరి యాల రాలేదంది. టమోటా సీజనమ్మా, మార్కెట్టు వదిలి రాలేరు అని చెప్పాను, నోటికి వచ్చిన సాకు అదే.

"మాకూ రాగి ఉండాది గదమ్మా. ఏనుగులుండాయి" అంది గంగులమ్మ. దెప్పుతూ అనలేదు. ఉన్నది చెప్పి, డబ్బా ఎత్తుకుని ట్రాక్టరెక్కింది. చీకటి పడకముందే పొలానికి చేరాలని డ్రైవరును తొందరపెట్టింది.

సోమవారం, మార్కెట్టు

ఇంటికి చేరి, స్నానం చేసి, రెడ్డెప్పకు ఒక మాట చెబుదామని మార్కెట్టుకు పోయాను. వాడు అప్పటికే లారీ పక్కన నిలబడి క్రేట్లు పట్టుకుంటున్నాడు. చుట్టూ జనం. అంతా మన గోడ మీద కూర్చునేవాళ్ళే. పెనాల్టీ ఎట్లా పట్టాడో వాడి చేత మూడోసారి చెప్పించుకుంటున్నారు.

నన్ను చూసి మండీ గుమాస్తా కుర్చీ వేశాడు. మనిషి సంబరంగా ఉన్నాడు. "ఉండిపోయినాడంట గదా సిస్టరమ్మా. నాకు తెలుసు. మనల్ని ఇడిసి యాడికి పోతాడు" అన్నాడు.

మనల్ని చూసి ఉండలేదని చెప్పాను. మనం రాని చోటికి వాళ్ళు వస్తారు, అది పోగొట్టుకోలేక ఉన్నాడని చెప్పాను. రామకుప్పం వాళ్ళ సంగతి, డబ్బాల సంగతి, రాగి సంగతి, ఏనుగుల సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. గుమాస్తా అంతా విని నాకు టీ తెప్పించాడు. కుప్పంలో ఆట మళ్ళీ ఎప్పుడని మాత్రం అడగలేదు.